కాండిడా పథ్యం: ఇడ్లీ, పెరుగు మానవలసినదేనా?

కొంతకాలం క్రితం ఒక మధ్యవయస్కురాలైన గృహిణి చికిత్స నిమిత్తం నా వద్దకు వచ్చారు. ఆమె చేతిలో నాలుగు పుటల కాగితం ఉన్నది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమార్తె పంపిన ఆహారనియమాల జాబితా అది. గుహ్యప్రదేశంలో దురద, తెల్లబట్ట ఆమెను పదేపదే బాధిస్తున్నాయి. ఆ సంగతి విన్న కుమార్తె, "అమ్మా, ఇది కాండిడా. ఈస్ట్ ఉన్న పదార్థాలన్నీ మానెయ్యి" అని చెప్పి ఈ జాబితా పంపినదట. నాలుగు మాసాలుగా ఆ తల్లి ఇడ్లీ తినలేదు. దోసె తినలేదు. పెరుగు, మజ్జిగ, ఆవకాయ, అరటిపండు, చివరకు తెల్ల అన్నం కూడా మానివేశారు.

"ఏడు కిలోలు తగ్గాను డాక్టరు గారూ! పథ్యం బాగా పనిచేస్తున్నదని మా వారు కూడా అంటున్నారు. దురద మాత్రం పోలేదు" అన్నారామె. రాత్రివేళ నాలుగైదు పర్యాయాలు మూత్రవిసర్జనకు లేవవలసి వస్తున్నదని మాటల మధ్య చెప్పారు. పథ్యంలో భాగంగా నీరు ఎక్కువగా త్రాగుతున్నందువలననే అలా జరుగుతున్నదని ఆమె అభిప్రాయం.

ఆమె కథ చివరకు ఏమైనదో తరువాత చెబుతాను. అటువంటి జాబితాలు ఇప్పుడు మన మధ్యతరగతి కుటుంబాలలో చేతులు మారుతున్నాయి. అందులో నిజమెంత, భ్రమ ఎంత, మన వంటింటికి అది ఎంతవరకు వర్తిస్తుంది అన్న విషయాలను పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాండిడా అంటే ఏమిటి?

కాండిడా ఒక శిలీంధ్రం, అనగా బూజు, పుట్టగొడుగుల జాతికి చెందిన సూక్ష్మజీవి. ఇందులో అనేక రకాలున్నాయి. మనుష్యులను ఎక్కువగా బాధించేది కాండిడా ఆల్బికాన్స్. ఆరోగ్యవంతులైన ఎందరి నోటిలోనో, ప్రేగులలోనో, స్త్రీల యోనిమార్గంలోనో ఇది ఏ హానీ చేయకుండా నివసిస్తూనే ఉంటుంది. మన శరీరంలోని మేలుచేసే బాక్టీరియా, రోగనిరోధకశక్తి కలిసి దీనిని అదుపులో ఉంచుతాయి. కావున మలపరీక్షలో కాండిడా కనిపించినంత మాత్రాన వ్యాధి ఉన్నదని నిర్ణయించకూడదు.

ఈ అదుపు తప్పినపుడు వ్యాధి కలుగుతుంది. నోటిలో పెరుగు అంటినట్లు తెల్లని మచ్చలు ఏర్పడి, తుడిస్తే అడుగున ఎర్రగా కనిపించవచ్చు. స్త్రీలలో తీవ్రమైన దురద, మంట, విరిగిన పాలవంటి తెల్లని స్రావం ఉంటాయి. సాధారణంగా దుర్గంధం ఉండదు. పురుషులలో శిశ్నాగ్రం ఎర్రబడి, చర్మం చిట్లి, దురద పెడుతుంది. రొమ్ముల క్రింద, గజ్జలలో, చర్మం మడతపడే చోట ఒరిసి ఎర్రబడుతుంది. రోజంతా చేతులు నీటిలో నానే గృహిణులకు వ్రేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు పాచిపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

స్త్రీలలో ఇది ఎంతో సాధారణమైన వ్యాధి. ప్రతి 4 గురు స్త్రీలలో సుమారు 3 గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. అందుచేత సిగ్గుపడవలసిన పని లేదు. నూటికి 5 నుండి 8 మందిలో మాత్రం ఇది సంవత్సరంలో అనేకసార్లు తిరగబెడుతుంది. పథ్యాల ఉచ్చులో ఎక్కువగా చిక్కుకునేది ఈ సోదరీమణులే.

ఇది గాక, ఆసుపత్రులలో అత్యవసర చికిత్స పొందుతున్న బలహీన రోగుల రక్తంలోకి కాండిడా ప్రవేశించే ప్రమాదకరమైన స్థితి మరొకటి ఉన్నది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో కాండిడా ఆల్బికాన్స్, కాండిడా ఆరిస్ రెండూ మొదటి శ్రేణిలోనే ఉన్నాయి. అది ఆసుపత్రిలో చికిత్స జరుగవలసిన వ్యాధి. ఇంటిలో తిరుగుతూ పనిపాటలు చేసుకునేవారి అలసటకు, మతిమరపుకు, కడుపుబ్బరానికి దానితో ముడిపెట్టకూడదు.

ఈ పథ్యం ఎక్కడ పుట్టినది?

ఈస్ట్ లేని పథ్యం మన ఆయుర్వేదంలో పుట్టినది కాదు, అమెరికాలో పుట్టినది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన ఓరియన్ ట్రస్ అనే వైద్యుడు, దీర్ఘకాలపు అలసట, తలనొప్పి, దిగులు వంటి అనేక బాధలకు శరీరంలోని కాండిడాయే మూలమని ప్రతిపాదించాడు. టెనెస్సీ రాష్ట్రపు పిల్లల వైద్యుడు విలియం క్రూక్ 1983లో వెలువరించిన 'ది ఈస్ట్ కనెక్షన్' అనే పుస్తకం ద్వారా ఈ వాదం ఇంటింటికీ ప్రాకినది. చక్కెర, రొట్టె, వెనిగర్, జున్ను, పుట్టగొడుగులు, ఎండుఫలాలు, మద్యం విడిచిపెట్టాలన్న జాబితాకు మూలం అక్కడ ఉన్నది.

1986లో అమెరికాలోని అలర్జీ నిపుణుల సంఘం ఈ వాదాన్ని పరిశీలించి, ఇది ఊహాజనితమని, నిరూపణ కానిదని ప్రకటించింది. 1990లో, ట్రస్ వైద్యం చేసిన ఆ బర్మింగ్‌హామ్ నగరంలోనే, 42 మంది స్త్రీలపై ఒక కట్టుదిట్టమైన పరీక్ష జరిగినది. కొంతకాలం శిలీంధ్రాలను చంపే నిస్టాటిన్ అనే మందును, కొంతకాలం మందులేని ఉత్తుత్తి మాత్రలను ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇస్తున్నారో రోగికి గాని, వైద్యునికి గాని తెలియనివ్వలేదు. యోనిమార్గపు బాధ తగ్గడంలో నిస్టాటిన్ మేలుగా పనిచేసినది. అలసట, దిగులు వంటి తక్కిన బాధల విషయంలో మాత్రం మందుకు, ఉత్తుత్తి మాత్రకు చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అనగా, కాండిడా ఉన్నచోట మందు పనిచేసినది. కాండిడా పేరు తగిలించిన ఇతర బాధలపై దాని ప్రభావం లేదు.

ఆ పరీక్షలో చూచినది మందునే గాని పథ్యాన్ని కాదు అని కొందరు ఆక్షేపించవచ్చు. న్యాయమైన ఆక్షేపణయే. చక్కెర సంగతిని పరీక్షించిన పరిశోధన ఒకటి జర్మనీలో జరిగి 1999లో ప్రచురితమైనది. 28 మంది ఆరోగ్యవంతులకు కొద్దిరోజులపాటు అధికంగా చక్కెర ఇచ్చి, వారి నోటిలోను, మలంలోను కాండిడా సంఖ్యను లెక్కించారు. చెప్పుకోదగినంత పెరుగుదల కనిపించలేదు. ఆరోగ్యవంతుడు తినే చక్కెర తిన్నగా కాండిడా నోటికి అందుతుందన్న భావన అంత సులభంగా నిలబడదని దీనివలన తెలుస్తున్నది.

ఈస్ట్ వేరు, కాండిడా వేరు

ఇక అసలు చిక్కు ఒక్క మాటలో ఉన్నది. కాండిడాను ఇంగ్లీషులో ఈస్ట్ అంటారు. రొట్టెను పొంగించేదానిని కూడా ఈస్ట్ అనే అంటారు. పేరు ఒక్కటైనందున రెండూ ఒక్కటే అనుకుని, రొట్టె తింటే ఒంటిలో కాండిడా పెరుగుతుందని భ్రమపడుతున్నారు. రొట్టెకు వాడే ఈస్ట్ శాస్త్రీయనామం శాకరోమైసిస్ సెరివిసియే. అది వేరు జీవి. అది కాండిడాగా మారదు. పైగా రొట్టెను కాల్చినపుడు దానిలోని ఈస్ట్ చనిపోతుంది.

మరొక విశేషం. శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్‌ను విరేచనాలకు మందుగా మన దేశంలోని వైద్యులు కూడా వాడుతున్నారు. అది పొడిరూపంలో పొట్లాలుగా మందుల దుకాణాలలో లభిస్తుంది. ఈస్ట్ అన్నది ఏదైనా విషమే అయిన పక్షంలో దానిని మందుగా వాడడం సాధ్యమయ్యేదా? అయితే రక్తనాళాలలో గొట్టాలు అమర్చిన రోగులకు, రోగనిరోధకశక్తి బాగా తగ్గినవారికి అది తగదు. ఏదైనా వైద్యుని సలహాతోనే వాడవలెను.

మన వంటింటి పదార్థాల సంగతి

అమెరికా వంటింటికై వ్రాసిన జాబితాను మన వంటింటికి తెచ్చినపుడు, "పులియబెట్టినవన్నీ మానవలెను" అన్న ఒక్క వాక్యం మన ఫలహారాలన్నిటిపై వేటు వేస్తున్నది. కాబట్టి ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

ఇడ్లీ, దోసె: మినపపప్పు, బియ్యపురవ్వ కలిపిన పిండి రాత్రికి రాత్రి పొంగడానికి ముఖ్యకారణం ఈస్ట్ కాదు. పప్పుతోపాటే సహజంగా వచ్చే ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా అందుకు ప్రధాన కారణమని 1965లో ప్రచురితమైన పరిశోధన తెలియజేసినది. పిండిలో కొద్దిపాటి ఈస్ట్ ఉండవచ్చు. ఆవిరిపై ఉడికిన ఇడ్లీలో, పెనంపై కాలిన దోసెలో అది బ్రతికి ఉండదు. పులిసిన పిండితో వేసిన పుల్లట్టుకైనా ఇదే వర్తిస్తుంది. ఆమ్లపిత్తం ఉన్నవారు అతిగా పులిసిన పిండి మానడం మంచిదే. అది వేరు కారణం.

పెరుగు, మజ్జిగ: పాలను తోడుపెట్టేది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా. మరి పెరుగు కాండిడాను తగ్గిస్తుందా? 1992లో అమెరికాలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, ఒక ప్రత్యేక బాక్టీరియా కలిగిన పెరుగును నిత్యం తిన్న స్త్రీలలో వ్యాధి తక్కువసార్లు తిరగబెట్టినది. కాని చివరివరకు నిలిచినవారు చాలా కొద్దిమందే. ఆస్ట్రేలియాలో జరిపి 2004లో ప్రచురించిన మరింత పెద్ద పరిశోధనలో, యాంటీబయోటిక్ మందులు వాడే స్త్రీలకు అటువంటి బాక్టీరియాను ఇచ్చినా వ్యాధి ఆగలేదు. కనుక పెరుగు మందు అని చెప్పలేము. ఆహారంగా శ్రేష్ఠమైనది. మానవలసిన అవసరం మాత్రం లేదు.

ఆవకాయ, మాగాయ: వీటిని నిలువచేసేవి ఉప్పు, ఆవపిండి, నూనె, పులుపు. వీటిలో ఈస్ట్ కలుపము, వెనిగర్ పోయము. జాడీపైన తెల్లని తెట్టు, బూజు కనిపిస్తే ఆ పచ్చడి పారవేయవలసినదే. రక్తపోటు ఉన్నవారు పచ్చళ్లు తగ్గించవలసినది ఉప్పును దృష్టిలో ఉంచుకుని.

చద్దన్నం, తరవాణి: ఇవి కూడా ప్రధానంగా బాక్టీరియా వలన పులిసేవే. నీరు, పాత్ర పరిశుభ్రంగా ఉంటే భయపడవలసినది లేదు.

బ్రెడ్డు, బన్ను, నాన్: వీటిలో ఈస్ట్ వాడుట సాధారణం. మైదా, చక్కెర ఎక్కువైనందున మధుమేహం ఉన్నవారు తగ్గించవలెను. ఈస్ట్ ఉన్నందుకు కాదు.

కల్లు, బీరు: నిజంగా ఈస్ట్ వలన పులిసేవి ఇవి. మద్యం మానుటకు ఈస్ట్ భయం అక్కరలేదు. కాలేయం ఒక్కటి చాలు కారణం.

అసలు నేరస్థులు ఎవరు?

కాండిడా పదేపదే తిరగబెడుతున్నదంటే పళ్లెంవైపు చూడడానికి ముందు ఈ క్రింది కారణాలను వెదకవలెను.

మొదటిది మధుమేహం. రక్తంలో చక్కెర అధికమైనపుడు కణజాలాలలోను, మూత్రంలోను చక్కెర పెరుగుతుంది. శరీరపు రక్షణశక్తి తగ్గుతుంది. కాండిడాకు ఇంతకన్న అనుకూలమైన స్థితి లేదు. తినే చక్కెరకు, రక్తంలో నిలిచిన చక్కెరకు భేదం ఇక్కడ ఉన్నది. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసినది. వారిలో తమకు వ్యాధి ఉన్నదని ఎరుగనివారు ఎందరో ఉన్నారు. గుహ్యప్రదేశంలోని దురదే మధుమేహపు మొదటి సూచన అయిన సందర్భాలు స్త్రీపురుషులిరువురిలోను నేను చూచాను.

రెండవది మందులు. యాంటీబయోటిక్ మందులు మేలుచేసే బాక్టీరియాను కూడా చంపి కాండిడాకు చోటు కల్పిస్తాయి. జలుబుకు, వైరస్ జ్వరానికి తమంతతాముగా వీటిని కొని మ్రింగే అలవాటు మానవలెను. స్టెరాయిడ్ మాత్రలు, పూతమందులు కూడా ఇంతే. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు ప్రతిసారి నోరు పుక్కిలించి ఉమ్మివేయకపోతే నోటిలో పూత వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహపు మందులు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అందువలన కొందరిలో ఈ దురద రావచ్చు. ఇవి గుండెకు, మూత్రపిండాలకు మేలుచేసే మందులు. తమంతతాముగా మానక, వైద్యునికి తెలుపవలెను.

మూడవది దేహస్థితి. గర్భిణులలో ఇది సాధారణం. కట్టుడుపళ్లు రాత్రివేళ తీయకుండా నిద్రించే వృద్ధులలో, హెచ్.ఐ.వి. సోకినవారిలో, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారిలో నోటిపూత వస్తుంది. చెమట, తడిబట్ట, బిగుతైన నైలాన్ లోదుస్తులు చర్మపు వ్యాధిని పెంచుతాయి.

ఆయుర్వేదం ఏమి చెబుతున్నది?

కాండిడా అన్న పేరు మన ప్రాచీన గ్రంథాలలో ఉండదు. కాని లక్షణాలను వారు ఎరుగుదురు. చరకసంహిత చికిత్సాస్థానంలో 20 యోనివ్యాపత్తులను వర్ణించారు. వాటిలో కఫప్రధానమైనదానికి దురద, జిగట స్రావం లక్షణాలుగా చెప్పారు. అదే సంహిత విమానస్థానంలో క్రిమిచికిత్సను మూడు భాగాలుగా ఉపదేశించారు: క్రిములను తొలగించుట, అవి పెరిగే స్థితిని మార్చుట, కారణాన్ని వర్జించుట. మూడవదైన నిదానపరివర్జనమే నేటి మన విషయానికి ప్రాణం. రక్తంలోని చక్కెర నిదానమైనపుడు ఇడ్లీని వర్జించి ప్రయోజనమేమి?

పెరుగు విషయంలో ఆయుర్వేదం కొన్ని నియమాలు చెప్పిన మాట నిజం. పెరుగు గురువు, కఫవర్ధకం; రాత్రివేళ తినరాదన్నారు; వేడిచేసి తినరాదన్నారు. కఫవ్యాధులలో వైద్యుడు కొంతకాలం పెరుగు తగ్గించమనవచ్చు. ఆ నియమం పెరుగు గుణాలనుబట్టి చెప్పినదే గాని ఈస్ట్ ఉన్నదన్న భయంతో చెప్పినది కాదు. అదే ఆయుర్వేదం, వెన్న తీసిన మజ్జిగను గ్రహణి మొదలైన వ్యాధులలో ఎంతో ప్రశంసించినది. పగటిపూట పలుచని మజ్జిగలో కొద్దిగా వేయించిన జీలకర్రపొడి కలిపి త్రాగుట జీర్ణానికి హితం.

ఇక ఆయుర్వేద వైద్యులమైన మేము మరువరాని ఒక సంగతి ఉన్నది. ఆసవారిష్టాలు బెల్లం, ధాతకీపుష్పాలు మొదలైనవి వేసి పులియబెట్టి చేసే ఔషధాలు. వాటిలో తీపి ఉంటుంది; సహజంగా పుట్టిన మద్యసారం ఉంటుంది. తెల్లబట్టకు వాడుకలో ఉన్నవని చెప్పి వీటిని మధుమేహం ఉన్నదీ లేనిదీ తెలుసుకోకుండా మాసాల తరబడి త్రాగడం మంచిది కాదు. లేహ్యాల విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

ఇంటిలో పాటించదగినవి

దురద ఉన్నచోటును రోజుకు ఒకటి రెండుసార్లు మంచినీటితో మృదువుగా కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్దవలెను. సువాసన సబ్బులు, పొడులు, ప్రత్యేక ద్రావకాలు వద్దు. వదులైన నూలు లోదుస్తులు ధరించి, ఎండలో బాగా ఆరినవే తిరిగి వాడవలెను.

ఒక చెంచా త్రిఫలాచూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో మరిగించి, ఒక గ్లాసు మిగిలిన తరువాత పలుచని గుడ్డలో వడకట్టి, చల్లార్చి, పైభాగాన్ని మాత్రమే కడుగవచ్చు. ఏ పూటకు ఆ పూట క్రొత్తగా చేసుకొనవలెను. మంట పుడితే వెంటనే మానవలెను. దీనివలన కలిగేది ఉపశమనమే. వ్యాధిని నిర్మూలించే శక్తి దీనికి ఉన్నదని నేను చెప్పను. లోపలి భాగాన్ని ఏ ద్రావకంతోను కడుగరాదు. అక్కడి మేలుచేసే బాక్టీరియా కొట్టుకుపోయి వ్యాధి ముదురుతుంది.

వెల్లుల్లిరెబ్బ, వేపనూనె, వెనిగర్, పెరుగు వంటివి యోనిలోపల ఉంచమని చెప్పే చిట్కాలను పాటించవద్దు. వెల్లుల్లి వలన చర్మం కాలి పుండ్లు పడవచ్చు.

కట్టుడుపళ్లు రాత్రి తీసి, శుభ్రపరచి, నీటిలో ఉంచవలెను. అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు చేతులు ఎక్కువసేపు నాననీయక, పని అయిన వెంటనే వ్రేళ్ల సందులు పొడిగా తుడుచుకొనవలెను.

ఆహారంలో తీపి పానీయాలు, మిఠాయిలు, బేకరీ తినుబండారాలు తగ్గించుట అందరికీ మంచిదే. పథ్యం పట్టినపుడు కొందరికి సుఖం కలగడానికి ఇదే కారణం కావచ్చు. పప్పు, కూరలు, ఆకుకూరలు, పండు, మితమైన అన్నమో రొట్టెయో, పగటిపూట పెరుగో మజ్జిగో ఉన్న మన భోజనాన్ని మించిన పథ్యం అక్కరలేదు.

ఉదయం గ్లాసు నీటిలో ఉమ్మివేసి, అది తీగలు సాగితే కాండిడా ఉన్నట్లు నిర్ణయించే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉన్నది. దానికి శాస్త్రాధారం లేదు. అలాగే పథ్యం ఆరంభించాక నీరసం, తలనొప్పి వస్తే "లోపలి క్రిములు చనిపోతున్నాయి, అది శుభసూచన" అని చెప్పేవారున్నారు. ఆ మాట నమ్మి అసలు వ్యాధి లక్షణాన్ని ఉపేక్షించడం మహాప్రమాదం.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

మొదటిసారి ఈ బాధ కలిగినపుడు, గర్భిణిగా ఉన్నపుడు, సంవత్సరంలో 3 లేక అంతకు మించి తిరగబెట్టినపుడు తప్పక వైద్యురాలిని చూడవలెను. స్రావం దుర్గంధంతోగాని, పసుపు, ఆకుపచ్చ రంగులలోగాని, రక్తంతోగాని ఉంటే అది వేరు వ్యాధి. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, ముట్లుడిగిన తరువాత స్రావం కనిపించినా జాగు చేయరాదు. మ్రింగుటకు నొప్పిగా ఉండే నోటిపూతను కూడా ఉపేక్షించకూడదు.

వ్యాధి నిజంగా కాండిడాయే అయితే ఆధునిక వైద్యంలో మంచి మందులున్నాయి. క్లోట్రిమజోల్ బిళ్లలు, పూతమందు. కొందరికి ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సరిపోతుంది. పదేపదే తిరగబెట్టేవారికి వారానికొక మాత్ర చొప్పున 6 మాసాలు ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. ఫ్లూకొనజోల్ మాత్రలు గర్భిణులు వాడరాదు. ఇతర మందులతో విరోధించవచ్చు. కనుక దుకాణంలో అడిగి కొనుక్కొనే మందు కాదిది. స్టెరాయిడ్ కలిసిన పూతమందులు మొదట దురదను అణచినట్లు చూపి, తరువాత వ్యాధిని పెంచుతాయి. ఒక ఆయుర్వేద వైద్యునిగా ఈ మందుల పేర్లు చెప్పడానికి నేను సంకోచించను. రోగికి మేలు కలగడమే వైద్యుని ధర్మం.

ఆ తల్లి కథ

మొదట చెప్పిన గృహిణి సంగతికి వద్దాము. ఇక్కడ నా పొరపాటు కూడా ఒకటి చెప్పవలసి ఉన్నది. ఆమె బరువు తగ్గుట, రాత్రి మూత్రానికి లేచుట రెండూ నేను విన్నాను. ప్రమేహలక్షణాలు చదువుకున్నవాడినే. అయినా ఆమె చేతిలోని జాబితాను ఖండించే ఉత్సాహంలో పడి, త్రిఫలా కషాయం చెప్పి, మూడు వారాల తరువాత రమ్మన్నాను. ఆమె తిరిగి వచ్చేసరికి మరి రెండు కిలోలు తగ్గారు. అప్పుడు రక్తపరీక్షకు పంపాను.

పరగడుపున చక్కెర డెసిలీటరుకు 212 మిల్లీగ్రాములు వచ్చినది. 126 గాని, అంతకు మించి గాని వస్తే మధుమేహమని లెక్క. మూడు మాసాల సగటును తెలిపే హెచ్.బి.ఎ.1.సి. 6.5 దాటితే వ్యాధి ఉన్నట్లు. ఆమెకు 10 దాటినది. ఏడు కిలోలు తగ్గించినది పథ్యం ఒక్కటే కాదు, లోపల ముదురుతున్న మధుమేహం. ఆ పథ్యం ఆమె దురదను తగ్గించలేదు. వ్యాధి లక్షణాలను మాత్రం నాలుగు మాసాలు కప్పిపెట్టినది. నా కషాయం దానికి మరి మూడు వారాలు జతచేసినది.

మధుమేహ నిపుణునివద్ద మందులు ఆరంభమైనవి. దురదకు స్త్రీవైద్యురాలు తగిన మందు ఇచ్చారు. రెండు మాసాలలో చక్కెర అదుపులోకి వచ్చినది, దురద తిరిగి రాలేదు. "ఇప్పుడైనా ఇడ్లీ తినవచ్చునా డాక్టరు గారూ?" అని ఆమె అడిగారు. "తినండమ్మా. మూడు ఇడ్లీలు, కొబ్బరిపచ్చడి, సాంబారు. అయిదో ఆరో వద్దు" అన్నాను. ఆనాటినుండి దురద అని చెప్పి వచ్చిన ప్రతివారికి, వారు ఏ వయస్సువారైనా సరే, ముందు రక్తంలో చక్కెర చూపించమనడం నాకు నియమమైనది.

పాఠకులకు నా మనవి ఒక్కటే. దూరాన ఉన్న బిడ్డలు తల్లిదండ్రులపై ప్రేమతోనే జాబితాలు పంపుతారు. వారి ప్రేమను తప్పుపట్టవద్దు. ఆ జాబితా పట్టుకుని వంటింటిలోకి వెళ్లేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనండి. ఆ తరువాత ఏమి మానవలెనో, ఏమి మానకూడదో వైద్యునితో కలిసి నిర్ణయించుకొనవచ్చును.